పోయేడంటండి

రావులపాలెంలో ఏడున్నర బస్సెక్కితే తొమ్మిది కొట్టేసరికి కోర్టు రికార్డు రూము తలుపు దగ్గర ఉండొచ్చు. అరవై ఆరేళ్ళ వయసులో పల్లంరాజు రోజూ అదే బస్సెక్కుతున్నాడు. కోర్టులో టైపిస్టుగా చేరి, ముప్ఫై నాలుగేళ్ళు గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నీ తిరిగి, గుమాస్తాలందరి మీదా ఉండే శిరస్తాదారుగా రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేస్తున్నాయని విసుక్కుంటున్న రోజుల్లో, పాత కేసుల కట్టలన్నీ స్కాన్ చేసే పని మొదలైంది. ఆ పని తీసుకున్న కంపెనీ దగ్గర మిషన్లున్నాయి, మనుషులున్నారు. ఏ కాయితం ముందు రావాలో, ఏది వెనక రావాలో తెలిసినవాళ్ళు మాత్రం లేరు. అందుకని ఆయన్ని పిలిచారు.

అక్కడ పని చేయించేది క్రిస్టినా. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. అమ్మా నాన్నా ఇద్దరూ లూథరన్ మిషన్ బళ్ళో టీచర్లు. ఆ ఇంటి అలవాటో ఏమో, ఆవిడ ఏ కాయితాన్నీ చదవకుండా మిషన్లో పెట్టదు. దాంతో రోజుకి ఇన్ని పేజీలు కావాలన్న లెక్క ఎప్పుడూ తగ్గేది. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి సణిగితే వినేసి, మళ్ళీ చదువుకునేది. పల్లంరాజుకి మొదట్లో ఇది చాదస్తంగా తోచింది. తన ఉద్యోగం మొత్తంలో కొట్టిన కాయితాల్ని ఎన్నడూ చదివినవాడు కాదు. సాక్షులు తెలుగులో చెప్పింది జడ్జి ఇంగ్లీషులో చెబుతుంటే, చెవిలో పడింది వేళ్ళలోంచి పోవడమే అతనికి తెలిసిన పని.

పోయిన ఆగస్టులో ఒక మధ్యాహ్నం 1984 నాటి కట్ట ఒకటి బల్ల మీదికి వచ్చింది. ఎర్ర గుడ్డ ముడి విప్పగానే చెదమట్టి జలజలా రాలింది. పైనున్న సాక్షి వాంగ్మూలం చూడగానే పల్లంరాజు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆ కాలంలో ఆ కోర్టు టైపు మిషన్లో ‘ఆర్’ అక్షరం గీత మీద నిలబడేది కాదు, కాస్త పైకి ఎగిరి పడేది. ఆ కాయితంలో ‘ఆర్’లన్నీ అలాగే ఎగిరి ఉన్నాయి.

ఇది తను కొట్టిందేనని క్రిస్టినాతో చెప్పాడు. ఉద్యోగంలో చేరి మూడో నెలట. పాతరేవు హత్య కేసు.

పాతరేవు, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన, ఏటికట్టను ఆనుకుని ఉన్న చేపలవాళ్ళ ఊరు. 1983 సెప్టెంబరులో ఒక రోజు తెల్లారేసరికి పెదబాబు అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు కట్ట కింద తల పగిలి పడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం అతనికీ వీరబాబు అనే ఇంకో కుర్రాడికీ వల వేసే చోటు దగ్గర మాటా మాటా వచ్చింది. పోలీసులు వీరబాబుని పట్టుకెళ్ళారు. అతని తెడ్డుకి రక్తం ఉందన్నారు, అది మనిషిదో చేపదో తేల్చలేకపోయారు. పందొమ్మిది మంది సాక్షులు వచ్చారు. అందులో కొట్టడం చూసినవాడు ఒక్కడూ లేడు. ఏడో సాక్షి, రేవులో పడవ నడిపే అప్పాజీ, ఆ రాత్రి వీరబాబు కట్ట వెంట పరిగెత్తుకుంటూ వెళ్ళాడని చెప్పాడు. తీర్పు మొత్తం ఆ మాట మీద నిలబడింది. వీరబాబుకి యావజ్జీవం పడింది. అప్పీల్లో పై కోర్టు కూడా ఆ మాటనే పట్టుకుని శిక్ష ఖాయం చేసింది.

తీర్పు రోజున పాతరేవు జనమంతా కోర్టు గేటు ముందు మట్టిలో కూర్చున్నారు. పేపర్లలో వచ్చింది. రేవుల్లోనూ హోటళ్ళలోనూ జనం రెండు వర్గాలై వాదించుకున్నారు. ఎవరికీ మింగుడుపడనిది ఒకటే. వీరబాబు చెయ్యలేదని గేటు ముందు అందరికన్నా ముందు కూర్చున్నది వీరబాబు తల్లి కాదు. పోయిన పెదబాబు తల్లి సూరమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్ముకునే మనిషి. కొడుకు పోయి మతి చెడిందని కొందరన్నారు. డబ్బిచ్చారని కొందరన్నారు.

ఇదంతా క్రిస్టినాకి చెబుతూనే పల్లంరాజు కాయితాలు వరస పెట్టాడు. అభియోగం, వాంగ్మూలాలు, పోస్టుమార్టం రిపోర్టు, తీర్పు. అన్నిటికన్నా అడుగున, నోటుపుస్తకం లోంచి చింపి దారంతో కుట్టిన గీతల కాయితాల పుస్తకం ఒకటుంది. ముప్ఫై ఒక్క కాయితాలు. ముఖ్యమంత్రి గారికి అర్జీ. తేదీ 1986 డిసెంబరు. హైదరాబాదు వెళ్ళి, అక్కణ్ణుంచి కలెక్టరాఫీసుకి వచ్చి, అక్కణ్ణుంచి కోర్టుకి దిగింది. పైన ఎవరో ఇంగ్లీషులో ‘రికార్డులో ఉంచండి’ అని రాసి సంతకం పెట్టారు. మొదటి రెండు కాయితాలు నలిగి ఉన్నాయి. మూడో దాన్నుంచి మడత కూడా పడలేదు.

మొదటి కాయితం నెత్తిన రాసినాయన తన సంగతి చెప్పుకున్నాడు: ‘నేను పాతరేవు ఎలిమెంటరీ స్కూలు టీచర్ని, ప్రసన్నకుమార్. సూరమ్మ గారికి చదువు రాదు. ఆమె చెప్పింది చెప్పినట్టు పదకొండు రోజులు కూర్చుని రాశాను. నా మాట ఒక్కటి కూడా కలపలేదు.’

క్రిస్టినా పైకి చదవడం మొదలుపెట్టింది. పల్లంరాజు సగం చెవితో వింటూ తన పని చేసుకుంటున్నాడు. ‘మొదటి సాక్షి మునసబు గారు. నా పేరు ఫలానా, నా వయసు యాభై నాలుగు, అప్పట్లో నేను పాతరేవు మునసబుని, ఆ రోజు పొద్దున్న ఆరున్నరకి తలారి వచ్చి నన్ను లేపాడు...’ నాలుగు వాక్యాలు అయ్యాక అతని చేతులు ఆగాయి. మునసబు వాంగ్మూలం తీసి ముందు పెట్టుకున్నాడు. ఆవిడ తెలుగులో చదువుతుంటే తను ఇంగ్లీషు లైన్ల కింద వేలు పెట్టుకుంటూ వెళ్ళాడు. తలారి వచ్చిన టైము, కట్టకీ శవానికీ మధ్య గజాలు, పంచనామా మీద సంతకాలు పెట్టినవాళ్ళ పేర్లు, ఎడం కాలి చెప్పు లేకపోవడం. ఒక్కటీ తప్పలేదు. రెండో సాక్షి, మూడో సాక్షి. డిఫెన్సు వకీలు అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు. వరస కూడా మారలేదు.

“ఈవిడకి కాపీ ఎవరైనా ఇచ్చుంటారా రాజు గారూ?” అని అడిగింది క్రిస్టినా.

కాపీ ఇస్తే అది ఇంగ్లీషులో ఉంటుందన్నాడు పల్లంరాజు. అందులో ఉన్నదే వస్తుంది. ఈ అర్జీలో అందులో లేనివి కూడా ఉన్నాయి. ‘ఇక్కడ కరెంటు పోయింది. జడ్జి గారు మంచినీళ్ళు అడిగారు.’ ‘ఇక్కడ మునసబు గారు ముద్దాయి వంక చూడకుండా కిటికీ వంక చూశారు.’ పదకొండో సాక్షి డాక్టరు. ఆయన వాంగ్మూలంలో రెండు కాయితాల్ని చెద పూర్తిగా తినేసింది, అంచులు మాత్రం జల్లెడలా మిగిలాయి. ఆ రెండు కాయితాల్లో ఉండాల్సింది సూరమ్మ అర్జీలో ఉంది. దెబ్బ పొడవు, లోతు, ఎముక విరిగిన చోటు. నిజమేనా అని పోస్టుమార్టం రిపోర్టు తీసి చూశారు. అంగుళం పావుతో సహా సరిపోయింది.

సర్కారు దాచిన కాయితం చెదల పాలైంది. చదువు రాని మనిషి నోట్లో ఉన్న కాయితం చెక్కుచెదరలేదు.  పల్లంరాజు అరవై ఆరేళ్ళలో గోదావరి వరదలు చూశాడు, తుపాన్లు చూశాడు. ఇంత పెద్దదాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదనిపించింది.

అప్పుడు క్రిస్టినా ఏడో సాక్షి దగ్గరికి వెనక్కి వచ్చింది. పేజీలు అంటుకుపోయి ఉంటే దాటేసి వెళ్ళిన చోటు అది. గోరుతో మెల్లగా విడదీసి చదివింది.

‘ఏడో సాక్షి రేవు అప్పాజీ. బుధవారం మధ్యాన్నం. బయట వాన, పెంకుల మీద ఒకటే చప్పుడు. అప్పాజీ చెప్పిన మాట ఇది. వీరబాబు కట్టమ్మట లగెత్తుకుంటా పోయేడంటండి. పోయేడండి అనలేదు. పోయేడంటండి అన్నాడు. అప్పాజీ చూళ్ళేదు. ఎవరో అనుకుంటుంటే విన్నాడు. ఎవరన్నారో ఒక్కరూ అడగలేదు. జడ్జి గారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ అందులో అంట పోయిందని నాకు తెలిసింది. ఎందుకంటే టైపు కొట్టే అబ్బాయి చెయ్యి ఆగింది. అతను జడ్జి గారి వంక చూశాడు. కానీమని జడ్జి గారు తలూపారు. మళ్ళీ కొట్టాడు. ఆ అబ్బాయి విన్నాడు. నల్లగా సన్నగా ఉంటాడు. చేతికి వాచీ లేదు. పేరు నాకు తెలీదు. అప్పాజీ పోయిన ఏడు పడవ తిరగబడి పోయాడు. ఆ అబ్బాయి ఉన్నాడు. అతన్ని అడగండి.’

క్రిస్టినా చదవడం ఆపి తలెత్తింది. పల్లంరాజు కుర్చీలో లేడు. కిటికీ ఊచలు పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

అతను మర్చిపోలేదు. అలాగని గుర్తుపెట్టుకోనూ లేదు. ఆ రోజు వాన చప్పుడులో అప్పాజీ మాట అతని చెవికి స్పష్టంగానే పడింది. ‘పోయేడంటండి.’ జడ్జి గారు మంచివారే, పెద్దవారు, కాస్త చెవుడు. ఆయనకి ‘పోయేడండి’ అని వినపడింది. ‘ముద్దాయి కట్ట మీదుగా పరిగెత్తుకుంటూ వెళ్ళాడు’ అని ఇంగ్లీషులో చెప్పారు. పల్లంరాజు వేళ్ళు ఆగాయి. ఆయన కళ్ళజోడు మీంచి చూశారు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, ఇంకా ఖాయం చెయ్యలేదు. కొట్టేశాడు. తర్వాత గుమాస్తా వాంగ్మూలాన్ని గబగబా చదివి వినిపిస్తే అప్పాజీ ‘చిత్తమండి’ అని వేలిముద్ర వేశాడు. నాలుగు వారాలకి తీర్పు కూడా పల్లంరాజే కొట్టాడు. అందులో ‘ఏడో సాక్షి తన కళ్ళతో చూశాడు’ అని వచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు. మర్నాడు తిన్నాడు. ఆ ఏడాదే వేరే ఊరు బదిలీ అయింది.

ఇదంతా కిటికీ వంక తిరిగే చెప్పాడు.  ఇన్నేళ్ళలో ఎవరైనా వచ్చి అడిగారా అంది క్రిస్టినా.

“లేదమ్మా,” అన్నాడు పల్లంరాజు. “అడగమని రాసింది. ఎవరూ ఇక్కడిదాకా చదవలేదు.”

ఆ ఆదివారం చర్చి అయ్యాక క్రిస్టినా తన స్కూటర్ మీద రావులపాలెం వచ్చింది. వాంగ్మూలాల జిరాక్సు కాపీలు సంచీలో పెట్టుకుని పల్లంరాజు వెనకాల ఎక్కాడు. సూరమ్మ బతికి ఉందో లేదో కూడా తెలీదు. ఉంటే ఎనభై మూడేళ్ళు ఉండాలి.

పాతరేవులో మొదట కనపడినవాణ్ణి అడిగితే, ఏటికట్ట పక్క రెండు గదుల డాబా చూపించాడు. వాకిట్లో నులకమంచం మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కళ్ళు పొగబారి ఉన్నాయి. మంచం పక్కన నేల మీద అరవై దాటిన ఒకాయన వల బాగుచేస్తున్నాడు. ఎవరు కావాలని ఆయనే అడిగాడు. క్రిస్టినా, తాము కోర్టు రికార్డు రూము నుంచి వచ్చామని, సూరమ్మ గారు పెట్టిన అర్జీ దొరికిందని చెప్పింది. ఆయన చేతిలో వల అల్లే కర్ర అలాగే ఉండిపోయింది. ఆయనే వీరబాబని తర్వాత తెలిసింది. పదమూడేళ్ళు రాజమండ్రి జైల్లో ఉండి 1997లో విడుదలై వచ్చేసరికి తల్లి లేదు, ఇల్లు లేదు. సూరమ్మ తన ఇంటి వెనక పాక వేయించి ఉండమంది. అప్పట్నుంచీ అక్కడే ఉన్నాడు.

“చదివారా?” అని అడిగింది సూరమ్మ.

చదివామని క్రిస్టినా చెప్పింది.

“అంతానా?”

“ముప్ఫై ఒక్క కాయితాలూ చదివామండి.”

ముసలావిడ తల వంచుకుని, చీర కొంగు రెండు చేతుల్తో పట్టుకుని, కాసేపు అలాగే ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నారు. ఏడవడం లేదు. లెక్క చూసుకుంటోంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు అయింది బాబూ అంది. తర్వాత, మాస్టారు పోయారని, ఆయనకి ఈ కబురు తెలిస్తే బాగుండేదని అంది.

డాక్టరు గారి సాక్ష్యంలో రెండు కాయితాలు చెద తినేసిందని, అవి అర్జీ వల్లే దొరికాయని క్రిస్టినా చెప్పింది. ఆ మాటకి సూరమ్మ నడుం నిటారు చేసి కూర్చుంది. కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి, తల పక్కన, నెత్తిన గంప ఉంటే పట్టుకునే చోట ఆగింది. అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.

‘నా పేరు ఫలానా. నేను సివిల్ అసిస్టెంటు సర్జన్ని...’

గొంతు మారింది. చదువుకున్నవాళ్ళు తెలుగు మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. మధ్యలో సర్కారు తరఫు వకీలు పి.పి. గారి ప్రశ్న వస్తే ఇంకో గొంతు. ఆయన ప్రతి ప్రశ్నకీ ముందు చిన్నగా గొంతు సవరించుకునేవాడు. అది కూడా వచ్చింది. పల్లంరాజు ఉలిక్కిపడ్డాడు. ఆ పి.పి. గారు పోయి ఇరవై ఏళ్ళవుతోంది. ఆ గొంతు సవరింపు సరిగ్గా అదే. డాక్టరు అయ్యాక మునసబు, మునసబు తర్వాత తలారి. పల్లంరాజు జిరాక్సులు మోకాలి మీద పెట్టుకుని వెంట నడవబోయాడు. ఒక పేజీ తిప్పేసరికి ఆవిడ తర్వాతి పేజీలో ఉంది. కాయితం పట్టుకున్న తనే వెనకబడుతున్నాడు. కాసేపటికి కాయితాలు పక్కన పెట్టేసి ఊరికే విన్నాడు.

చుట్టుపక్కలవాళ్ళు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ళకిది కొత్త కాదు. ఆడవాళ్ళు కొందరు పెదవులు కదుపుతున్నారు కూడా. గంటంబావు గడిచింది. ఎనిమిది మంది సాక్షులయ్యాక సూరమ్మ ఆగి మంచినీళ్ళు తాగింది.

ఇదంతా ఎలా గుర్తుందని క్రిస్టినా అడిగింది. అందులో ఏముందన్నట్టు చెప్పింది సూరమ్మ. విచారణ ఆరు రోజులు జరిగింది. ఆరు రోజులూ వరండాలో కిటికీ దగ్గర నిలబడి, ఊచల్లోంచి చూస్తూ విన్నది. సాయంత్రం నడిచి వచ్చేటప్పుడు విన్నదంతా పైకి అనుకునేది. తర్వాత రోజూ గంప ఎత్తుకుని అమ్మకానికి వెళ్ళేటప్పుడు అదే పని. ఇంటి దగ్గర మునసబు గారు మొదలయ్యేవారు. చర్చి దాటేసరికి తలారి అయిపోవాలి. చేపలచెరువు గట్టు పొడుగూతా పంచనామా వాళ్ళు. కాలవ లాకుల దగ్గరికి వచ్చేసరికి డాక్టరు గారు. లాకు తలుపుల మీంచి దాటేటప్పుడు పడే నీళ్ళ చప్పుడులో డాక్టరు గారి మాట ఒక్కటి కూడా పోకూడదని గట్టిగా అనేది. ఎండకీ వానకీ అదే దోవ, అదే వరస. మోకాళ్ళు పని చేసినన్నాళ్ళు, అంటే ఇరవై ఆరేళ్ళు.

ఇంకోటి కూడా చెప్పింది. రెండు నెలలకోసారి రాజమండ్రి వెళ్ళి జైల్లో వీరబాబుని చూసేది. ములాఖత్ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఒక సాక్షిది మొత్తం అతనికి అప్పజెప్పేది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంటి కబుర్లు చెప్పుకుని ఏడుస్తుంటే, ఊచలకి ఇటు చచ్చినవాడి తల్లి, అటు చంపాడని శిక్ష పడ్డవాడు నిలబడి, సాక్ష్యం వల్లించుకునేవాళ్ళు.

“ఎందుకమ్మా అంత కష్టం?” అన్నాడు పల్లంరాజు. అడగకుండా ఉండలేకపోయాడు.

సూరమ్మ అతని గొంతు వచ్చినవైపు తిరిగింది. “మావాణ్ణి ఎవరో చంపేరండి. ఈడు కాదు. ఈడని కాయితం మీద రాసేసేక, ఇంక ఆడి కోసం ఎవరెతుకుతారు? ఆడు ఈ ఊళ్ళమ్మటే తిరుగుతున్నాడు. నా దగ్గర చేపలు కొన్నాడేమో కూడాను. నేను మర్చిపోతే ఆడికి భయం లేదు.”

 కట్ట అవతల ఏదో పడవ ఇంజను చప్పుడు చేసుకుంటూ పోయింది.

పల్లంరాజు తనకి వేసిన కుర్చీలోంచి లేచి, నేల మీద, నులకమంచం పక్కన కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు మోకాళ్ళు పటపటలాడాయి. “అమ్మా, ఆ రోజు టైపు కొట్టినవాణ్ణి నేనే,” అన్నాడు.

సూరమ్మ చెయ్యి చాపింది. తడుముకుంటూ అతని భుజం, మోచెయ్యి, మణికట్టు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

“ఇప్పుడు వాచీ ఉంది,” అంది.

“ఉందమ్మా.”

“విన్నారా బాబూ?”

“విన్నానమ్మా. పోయేడంటండి అన్నాడు. నేను విని కూడా కొట్టేశాను.”

ఆవిడ అతని మణికట్టు వదల్లేదు. వీరబాబు వైపు తిరిగి, “విన్నాడంటరా,” అంది. అంతే. తిట్టలేదు. ఊరుకోమనీ అనలేదు. చాన్నాళ్ళుగా ఒంటరిగా మోసుకొచ్చిన గంపకి ఇంకొకళ్ళు చెయ్యి వేసినప్పుడు మనిషి ఊపిరి వదిలే తీరులో ఊపిరి వదిలింది.

 వీరబాబు వల పక్కన పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు.

“జైల్లో నాలుగైదేళ్ళయ్యేకండి, నేనే చేసేనేమో అనిపించింది. అంత పెద్దోళ్ళు రాసేరు, రెండు కోర్టులు రాసేయి. నాకే గుర్తు లేదేమో అనుకున్నాను. ఈవిడొచ్చి సాక్ష్యం చెప్పేది. చెప్పినప్పుడల్లా, కాదు, నేను చెయ్యలేదు అని తెలిసేది. రెండు నెలలు ఆగేది అది. మళ్ళీ పోయేది. మళ్ళీ ఈవిడొచ్చేది.”

అతను తనని ఏమైనా అంటాడేమోనని పల్లంరాజు ఎదురుచూశాడు. వీరబాబు లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు.  ఒకటి పల్లంరాజు చేతికి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు లాకుల దాకా నడుస్తానని, అక్కడ ఎక్కించుకోమని పల్లంరాజు క్రిస్టినాకి చెప్పాడు. నాలుగు కిలోమీటర్లు. మునసబు వాంగ్మూలం అప్పుడే విన్నాడు, పైగా తను కొట్టిందే. అదొక్కటీ లాకుల దాకా తీసుకెళ్ళగలనేమో చూద్దామనుకున్నాడు. చర్చి దగ్గరికి వచ్చేసరికి శవానికీ కట్టకీ మధ్య ఎన్ని గజాలో పోయింది. చెరువు గట్టు ఎక్కేసరికి తలారి పేరు కూడా పోయింది. ఇరవై ఆరేళ్ళు, రోజూ, నెత్తిన గంపతో, పందొమ్మిది మంది. అతను గట్టు మీద నిలబడిపోయి ఆ దోవ వంక చూశాడు. ఎప్పటి దోవే. ఇటూ అటూ కొబ్బరిచెట్లు, ఒక పక్క చేపలచెరువు మోటారు, ఎదురుగా వచ్చే గడ్డి ట్రాక్టరు. వయసులో ఉన్నప్పుడు దేవుడి ముందు కూడా అంత వినయంగా నిలబడి ఎరగడు.

ఆ తర్వాత జరిగినవి నెమ్మదిగా జరిగాయి. న్యాయ సేవల సంస్థ తరఫున ఉచితంగా వాదించే ఒక వకీలమ్మని క్రిస్టినా వెతికి పట్టుకుంది. శిక్ష అనుభవించేసిన మనిషికి, ఇన్నేళ్ళ తర్వాత, ఏం అడగాలో ఆవిడకే మొదట తెలియలేదు. వారం రోజులు పాత తీర్పులన్నీ తిరగేసి, హైకోర్టులో ఒక పిటిషన్, గవర్నరు గారికి ఒకటి పెడదామంది. రెంటికీ ఆధారం టైపిస్టు ప్రమాణపత్రం.

పల్లంరాజు దాన్ని తనే కొట్టాడు, కంప్యూటర్ మీద, తెలుగులో. మొత్తం ఒకటిన్నర పేజీ. దానికి ఇంగ్లీషు కూడా జతచేయాలి కాబట్టి వకీలమ్మ కూర్చుని రాసింది. ‘అంట’ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. రెండక్షరాల మాటకి ఇంగ్లీషులో ఒక వాక్యం పట్టింది, అయినా చాల్లేదు. కింద ఇంకో పేరా వివరం రాసింది. నలభై ఏళ్ళ కిందట అది ఎంత తేలిగ్గా జారిపోయి ఉంటుందో అప్పుడు తనకి అర్థమైందని తర్వాత చెప్పింది.

పాతరేవు వెళ్ళి ప్రమాణపత్రాన్ని సూరమ్మకి చదివి వినిపించారు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. ఒక్కచోట చెయ్యి ఎత్తింది. జడ్జి గారు ‘కానీమన్నారు’ అని రాశారట, ఆయన నోటితో అనలేదు, తలూపారు. పల్లంరాజు ఆలోచించాడు. నిజమే. తలే ఊపారు. దిద్ది మళ్ళీ ప్రింటు తీశాడు.

ఈ మార్చిలో హైకోర్టు పిటిషన్ని విచారణకి తీసుకుంది. పాత రికార్డు మొత్తం పంపమని ఉత్తర్వు వచ్చింది. ఆ కట్ట వెళ్ళడానికి ముందు క్రిస్టినా అర్జీ ముప్ఫై ఒక్క కాయితాల్నీ తన చేత్తో ఒక్కొక్కటే మిషన్ మీద పరిచి స్కాన్ చేసింది. ఆ రోజు ఇంకే పేజీలూ చెయ్యలేదు. నోటీసు వీరబాబు పేరు మీద వచ్చింది. ముద్దాయి అని కాకుండా పిటిషనరు అని ఉంది. అతను దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా తీయలేదు.

నోటీసు సంగతి చెప్పడానికి పల్లంరాజు వెళ్ళినప్పుడు సూరమ్మ నులకమంచం మీద పడుకుని ఉంది. వేసవి మొదలయ్యాక నీరసించింది. మాట మాత్రం అలాగే ఉంది. అంతా విని, వీరబాబు పేరు కాయితం మీంచి తీసేస్తారా అని అడిగింది. తీసేస్తారనే అనుకుంటున్నామని అతను చెప్పాడు.

“తీసేసేక, మా పెదబాబుని ఎవరు చంపేరో ఎతుకుతారా?”

పల్లంరాజు నోట్లోకి ఒక మంచిమాట వచ్చింది. దాన్ని అక్కడే ఆపేశాడు. ఈవిడ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాలి.

“తెలీదమ్మా. ఎతక్కపోవచ్చు. చాలా ఏళ్ళయిపోయింది.”

సూరమ్మ అతని వైపు ఒత్తిగిల్లింది.

“అడిగేనని రాయండి,” అంది.

అతను సంచీలోంచి కాయితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తేదీ వేశాడు. ఆవిడ అన్న మాట అన్నట్టే రాసి, తిరిగి చదివి వినిపించాడు.